పెచ్చు ఊడిన మూల

ఏది ముందో ఏది వెనకో ఈ మధ్య నాకు తారుమారవుతోంది. ఆసుపత్రి సంగతి ముందు రాసి, కార్డు సంగతి తర్వాత రాశానేమోనని రెండుసార్లు చూసుకున్నా. అయినా తప్పుంటే మన్నించాలి.

రోశమ్మ తెల్లారగానే పొయ్యి పక్కనున్న నాపరాయిని తడిగుడ్డతో తుడుస్తుంది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. మాచర్ల అవతల ఆ ఊళ్లో ముసలోళ్ల ఇళ్లన్నిటా ఇలాంటి రాయి ఒకటుంటుంది. నలభై ఏళ్లు బండలకు నునుపు పట్టిన వేళ్లకు గీతలు మిగలవు. అవి చివరగా నునుపు పట్టిన రాతిలో ఉండిపోతాయి. అందుకని రేషనుకైనా పింఛనుకైనా రాయి చంకన పెట్టుకుని పోవడమే. వేలిముద్ర మిషను రాతికి ఆనిస్తే పచ్చ లైటు వెలుగుతుంది. మర్చిపోయి ఉత్త చేతులతో వస్తే డీలరు, "రాయేది పెద్దమ్మా?" అని వెనక్కి పంపుతాడు.

రోశమ్మ రాయి ఇద్దరిది. మొగుడు పిచ్చియ్య మిలిటరీ నుంచి వచ్చాక ఆమెతోపాటే బండల పనికి పోయాడు. చివరి రాయిని చెరోవైపు కూర్చుని నున్నగా చేశారు. నిండుగా ఉన్న మూల ఆమెది. పెచ్చు ఊడిన మూల ఆయనది, ఏదో మాటకు కోపమొచ్చి సుత్తితో కొట్టాడు. పిచ్చియ్య పోయి ఆరేళ్లయింది. ఆయన ఆధారు ఇంకా ఆమె సంచీలోనే ఉంది.

మొన్నామధ్య డాక్టరు ఆమె గుండెలో వాల్వు పాడైందన్నాడు. రెండు నెలల్లో ఆపరేషను కావాలన్నాడు. పిచ్చియ్య తాలూకు మిలిటరీ కార్డుంది, దానికి గుంటూరు పోవాలి. డెబ్బై దాటినోళ్లకు కొత్త కార్డు ఇస్తున్నారు, దానికైతే నర్సరావుపేటలోనే చేస్తారు. రెండూ ఉంచుకోకూడదు. ఒకటి వదిలితే మళ్లీ రాదు.

"ఏది కావాలో నువ్వే చెప్పు అమ్మమ్మా. తర్వాత నన్నంటావు," అంది మనవరాలు అనూష.

"నిన్న ఏం చెప్పానే?"

"నిన్న గుంటూరన్నావు. మొన్న పేటన్నావు."

"మీ తాత ఉంటే ఏమనేవాడో."

"ఆర్‌ఎంపీ సూది చాలనేవాడు."

రోశమ్మ నవ్వింది. నవ్వుకే ఆయాసం వచ్చింది. గుంటూరు దాకా బస్సులో కూర్చోలేనని అప్పుడే తేలిపోయింది.

ఊరి సచివాలయంలో కంప్యూటరు ముందు అక్రం ఉన్నాడు. "మామ్మా, మిలిటరీది వద్దని కొట్టేశా. ఇప్పుడు నీ మూల ఏదో చూపించు."

రోశమ్మ రాయి వంక చూసింది. ప్రతినెలా చూపించే మూలే. వెనక లైన్లో జనం గొణుగుతున్నారు. సుత్తి దెబ్బ గుర్తొచ్చింది. కొట్టింది తనేననిపించింది. పెచ్చు ఊడిన మూల చూపించింది.

రోశమ్మ ఆధారుకు ఎర్ర లైటు వచ్చింది. రెండోసారీ ఎరుపే. అక్రం ఆమె సంచీలోంచి రెండో ఆధారు తీసి పెట్టాడు. పచ్చ వెలిగింది. "కలిసింది మామ్మా," అని కార్డు చేతిలో పెట్టాడు.

బయటికొచ్చాక అనూష చదివింది. పిచ్చియ్య, డెబ్బై తొమ్మిదేళ్లు.

వెనక్కి పోయి నిండు మూల ఆనించారు. అక్కడ గీతలు లేవు. అద్దంలా ఉంది. ఎక్కడికి పోయినయ్యని ఎవరూ అడగలేదు.

"నా చేతుల్లో ఏం లేదు మామ్మా," అన్నాడు అక్రం, తలెత్తకుండా.

ఇరవై రోజులు రోశమ్మ గోడకు ఆనుకునే నిద్రపోయింది. పడుకుంటే ఊపిరాడదు. తినమంటే, "ఎవరి కోసమే?" అంటుంది. చివరికి అనూష ఆటో మాట్లాడి ఆ కార్డుతోనే పేట తీసుకుపోయింది.

"పిచ్చియ్య ఎవరు?" అని పిలిచారు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు. రోశమ్మ లేచింది. రాయి ఇంట్లోనే మర్చిపోయింది. చేసేది లేక బొటనవేలే ఆనించింది. పచ్చ లైటు వెలిగింది.

నర్సు ఆమె మణికట్టుకు పేరు రాసిన పట్టీ కట్టింది. "ఆయాసం ఎప్పట్నుంచి తాతా?"

"ఆరేళ్ల నుంచి," అంది రోశమ్మ.

ఆపరేషనయింది. ఇప్పుడు ఛాతీలో వాల్వు గడియారంలా టకటకమంటోంది. ఏ ఆఫీసులోనూ రోశమ్మ పేరు లేదు. పోయిందని రాసుకున్నోళ్లూ లేరు, ఏడ్చినోళ్లూ లేరు. పొయ్యి పక్కన రాయికి ఇప్పుడు రెండు మూలలూ నున్నగానే ఉన్నాయి. అయినా పొద్దున్నే ఎవరో ఒకరు తుడుస్తూనే ఉన్నారు.

అనూషా, ఇందులో పేర్లు ఒకసారి చూడవే. పోయింది ఎవరని రాశానో, మిగిలింది ఎవరని రాశానో.