నెలకు పన్నెండు కాల్స్

నాకు కోపం ఎక్కువ. మా ఆఫీసులో ఎవర్నడిగినా చెబుతారు. టెలిఫోను ఛార్జీలూ కేబుల్ టీవీ రేట్లూ తేల్చే సంస్థ మాది, ఢిల్లీలో. నేను అందులో ఆర్థికవేత్తని. పేరు కుసుమ, సొంతూరు పుంగనూరు. పొట్టిదాన్ని. మా ఊరి పొట్టి ఆవులాగే ఉన్నానని మదనపల్లె కాలేజీలో ఏడిపించేవాళ్లు. లెక్క లేకుండా ఎవరైనా మాట్లాడితే ఫైలు బల్ల మీద విసిరికొట్టేదాన్ని. ఇప్పుడు చెప్పబోయే లెక్క మాత్రం నేనే తప్పు వేశాను. దానివల్ల ఒక ప్రాణం పోయింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి ఊరించే ఓపిక నాకు లేదు.

2003 ఆగస్టు. పల్లెల్లో పెట్టిన పబ్లిక్ ఫోన్లు చెడిపోతే ఏ ఊళ్లో బాగుచేయాలి, ఏ ఊళ్లో వదిలేయాలి అనే నిబంధన నేను రాయాల్సి వచ్చింది. గదిలో కూర్చుని రాయను, ఊళ్లు చూసొస్తానని పై అధికారితో పోట్లాడి మరీ బయల్దేరాను. మావైపైతే నన్నెవరూ మోసం చేయలేరని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఎంచుకున్నాను. ఎంత ధీమానో చూడండి!

మదనపల్లె టమోటా మార్కెట్‌యార్డు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో మధ్యాహ్నం లోపలే మూడు వందల కాల్స్. మద్రాసు రేటెంత, నాగపూర్ రేటెంత అని ఒకడు గొంతు చించుకుంటుంటే వెనక పదిమంది తోసుకుంటున్నారు. ఫోనంటే ఇదీ, అనుకున్నాను. మనిషికి అవసరమైతే డబ్బు పెట్టి మాట్లాడతాడు, మాట్లాడలేదంటే అవసరం లేదు. నేను చదివిందీ అదే, కుర్ర ఆఫీసర్లకు పాఠం చెప్పిందీ అదే. ఆ రాత్రి పుంగనూరులో మా అమ్మ సరస్వతమ్మ చేసిన సంగటి తిని పడుకుని, మర్నాడు జీపులో కుప్పం దాటి గుడుపల్లె వైపు పోయాను.

గుట్టకిందపల్లెలో నలభై ఇళ్లు. ఒకవైపు రాగి చేలు, ఇంకోవైపు అడవి. ఫోను మారప్ప అంగట్లో ఉంది. మారప్పకు యాభై దాటి ఉంటాయి. గ్రానైటు క్వారీలో కూలిపని చేస్తూ కాలు పోగొట్టుకున్నంత పనై, బీడీలూ సబ్బులూ పెట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య వెంకటమ్మ నాకు మజ్జిగ తెచ్చింది. నన్ను కిందికీ పైకీ చూసి, "ఢిల్లీ ఆఫీసరమ్మంటే ఎంత పొడుగుంటాదో అనుకుంటి. నా మాదిరే ఉండాదే!" అని పకపకా నవ్వింది. ఇంకెవరైనా అయితే కరిచేసేదాన్ని. ఆమె నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది.

రిజిస్టరు తీశాను. ఆ ఫోను నుంచి బయటికి జూన్‌లో నాలుగు కాల్స్, జులైలో మూడు.

అంతలో ఫోను మోగింది. మారప్ప పక్కనే ఉండి కూడా ఎత్తలేదు. ఐదుసార్లు మోగి ఆగిపోయింది. అతని మొహంలో నెత్తురు లేదు. కుంటుకుంటూ బయటికి పోయి, చూరుకు వేలాడుతున్న రైలుపట్టా ముక్కను ఇనపకడ్డీతో గణగణా వాయించాడు. చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లు ఉన్నపళంగా లేచి ఊళ్లోకి వచ్చేశారు. అడవివైపు ఏదో పెద్ద కొమ్మ విరిగిన చప్పుడైంది.

"ఏంది మారప్పా ఇది?" అన్నాను.

"పాలు పిండే టైమైందమ్మా, అంతే" అన్నాడు. "ఫోను అట్లే ఊరికే మోగతా ఉంటాది."

అది అబద్ధమని నాకు తెలియడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మీకు ఇప్పుడే చెబుతాను. అడవి అంచున, రెండు మైళ్ల ఎగువన మిట్టపల్లె ఉంది. అక్కడ కొండప్ప అంగట్లోనూ ఇలాంటి ఫోనే. ఏనుగుల మంద కనబడితే కొండప్ప ఈ నంబరుకు ఫోన్ చేసి, ఐదుసార్లు మోగనిచ్చి పెట్టేస్తాడు. ఎత్తితే డబ్బులవుతాయి, ఎత్తకపోతే ఊరికే. ఐదు మోతలంటే ఏనుగులు దిగుతున్నాయని అర్థం. ఆ మోత ఏ మీటర్లోనూ పడదు. ఎప్పుడో ఒక లైన్‌మన్, "ఊరికే మోగించుకుంటే అది గవర్నమెంటు సొత్తు దొంగతనం, జైల్లో వేస్తారు" అని బెదిరించి పోయాడట. అందుకే జీపులో వచ్చిన నన్ను చూసి వాళ్లు నోరు మెదపలేదు.

నేను ఢిల్లీ వెళ్లి రాశాను. ఏడో పేరా: నెలకు పన్నెండు కాల్స్ కూడా బయటికి పోని ఫోను ఆ ఊరికి అవసరం లేనట్టే, చెడిపోతే బాగుచేయనక్కర్లేదు. ఉదాహరణగా గుట్టకిందపల్లె పేరే పెట్టాను. 'ఫోను మోగినా ఎత్తే నాథుడు లేడు' అని కూడా రాశాను. అందరూ శభాష్ అన్నారు. జనవరిలో నిబంధన అమల్లోకి వచ్చింది, మార్చిలో నాకు ప్రమోషనూ వచ్చింది.

2004 అక్టోబరులో అమ్మకు కంటి ఆపరేషను చేయించడానికి పుంగనూరు వచ్చాను. నేనొచ్చానని ఎట్లా తెలుసుకున్నాడో ఏమో, ఒక పొద్దున మారప్ప మా గుమ్మంలో ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"తప్పయిపోయిందమ్మా. మేం దొంగతనం చేసినాం."

"ఏం దొంగతనం?"

"నాలుగేండ్లుగా ఫోను ఊరికే మోగించుకుంటాండాం. మీరొచ్చిన దినం పాలకని అబద్ధం సెప్పినా. అది మీకు తెలిసిపోయి లైను బాగుచేయొద్దనేసినారు. ఊరంతా తలా కొంచెం ఏసుకుని ఫైను కడతామమ్మా. లైను ఇప్పించు. రాగి కోతకొచ్చింది, ఆ వాసనకు దిగతాండాయి."

"ఏవి?"

"ఏనుగులమ్మా" అన్నాడు. నాకింత మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు.

మొత్తం చెప్పించుకుని విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నేను చేసింది శిక్ష అనుకుంటున్నాడు ఆ మనిషి, తానే నేరం చేశాననుకుని బస్సెక్కి వచ్చాడు. మధ్యాహ్నానికల్లా అతన్ని వెంటబెట్టుకుని కుప్పంలో టెలిఫోన్ల ఇంజనీరు లక్ష్మీపతి ముందు కూర్చున్నాను. జులైలో పిడుగు పడి లైను పోయిందన్నాడు ఆయన. బాగుచేయమన్నాను.

లక్ష్మీపతి సొరుగులోంచి ఒక కాగితం తీసి, ఏడో పేరా మీద వేలు పెట్టి నాకేసి తిప్పాడు. "మేడమ్, ఇది మీరు రాసిందే గదా? దీన్ని కాదని నేను తీగె లాగితే రేపు ఆడిట్‌లో నా ఉద్యోగం పోతుంది."

అరిచాను. బల్ల గుద్దాను. అక్కడి నుంచే ఢిల్లీకి ఫోన్ చేశాను. "మోగి ఆగిపోయిన ఫోన్ను లెక్కలోకి ఎట్లా తీసుకుంటాం కుసుమా? ఆధారం ఏదీ? ఏప్రిల్ సమీక్షలో చూద్దాం" అన్నాడు మా పై అధికారి. ఇన్నేళ్లుగా నేను ఇతరుల నోళ్లు మూయించిన మాటలే అవి. ఏప్రిల్ దాకా రాగి చేను ఆగుతుందా?

చివరికి ఖర్చూ తప్పూ రెండూ నావేనని చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. లక్ష్మీపతి కాస్త మెత్తబడ్డాడు. "దీని మీద మా పైవాళ్ల సంతకం తెప్పిస్తా. గురువారం రా మారప్పా" అన్నాడు. నేను బెంగళూరు వెళ్లి రైలెక్కాను.

గురువారం మారప్ప పొద్దున్నే కుప్పం వెళ్లి ఆ ఆఫీసు బెంచీ మీద నాలుగింటి దాకా కూర్చున్నాడు. సంతకం వచ్చింది. రేపే మనిషిని పంపిస్తానన్నాడు లక్ష్మీపతి. సంతోషంగా వెంకటమ్మకు బొరుగులు కొనుక్కుని బస్సెక్కాడు.

అదే సమయానికి మిట్టపల్లె దగ్గర మంద దిగింది. కొండప్ప అలవాటు కొద్దీ ఫోను ఎత్తి నంబరు కొట్టి, లైను లేదని గుర్తొచ్చి, తమ్ముణ్ణి సైకిలు మీద తరిమాడు. ఆ తమ్ముడు ఊళ్లోకి వచ్చేసరికి రైలుపట్టా వాయించేవాడు అంగట్లో లేడు. మిగతావాళ్లు కేకలు విని పరుగెత్తారు. వెంకటమ్మ చివరి మడిలో ఒంటరిగా వంగి రాగి కోస్తోంది. పొట్టి మనిషి, చేలో ఎవరికీ కనబడలేదు.

శుక్రవారం లైను వచ్చింది. ఆ మాట చెప్పడానికి లక్ష్మీపతి నాకు ఫోన్ చేసి, మిగతాది చెప్పలేక ఏడ్చాడు.

ఏప్రిల్‌లో కొట్లాడాను. ఏనుగుల సంగతి చెప్పాను, వెంకటమ్మ పేరు చెప్పాను. విని తలలూపారు. ఎత్తని ఫోను లెక్కలోకి రాదన్నారు, పన్నెండు పన్నెండుగానే ఉండిపోయింది. మళ్లీ తీగె తెగితే నా చీటీ రెండోసారి పనిచేయదు. అందుకని మారప్పకు జాబు రాశాను, నెలకు పన్నెండు కాల్స్ తగ్గకుండా చూసుకోమని.

మే నెల రెండో తేదీన నా బల్ల మీద ఫోను మోగింది.

"లెక్కకమ్మా" అన్నాడు మారప్ప. పెట్టేశాడు.

మూడో తేదీన మళ్లీ. "లెక్కకమ్మా." ఇంకెవరికైనా చెయ్యకూడదా అని అడిగితే, "ఫోనుండేవాళ్లు మాకి ఇంగెవురు తెలుసమ్మా?" అన్నాడు. ఆ డబ్బు నేను పంపిస్తానంటే వద్దన్నాడు. "ఇంగ దొంగతనం వద్దమ్మా. దుడ్డిచ్చే మాట్లాడతా."

మూడేళ్లయింది. నేనిప్పుడు ఇంకో మెట్టు పైకెక్కాను. దేశంలో కోట్లమంది చేతుల్లోకి సెల్లులు వచ్చాయి, మిస్డ్ కాల్ అనే మాట చంటిపిల్లలకు కూడా తెలుసు. గుట్టకిందపల్లెకు మాత్రం సిగ్నల్ రాదు. మీటింగులో ఉన్నా, మంత్రిగారి గదిలో ఉన్నా నెలకు పన్నెండుసార్లు ఆ ఫోను ఇప్పుడు నా సెల్లుకే వస్తుంది. మోగడం మొదలవగానే మోతలు లెక్కపెడతాను. ఐదో మోత దాకా ఎప్పుడూ రానివ్వను.

వెంకటమ్మ మాట అతను ఇంతవరకూ ఎత్తలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును. నెలాఖరున పన్నెండో కాల్‌లో మాత్రం ఒక్క మాట ఎక్కువ అడుగుతాడు.

"సరిపోయినాయా అమ్మా?"

"సరిపోయినాయన్నా" అంటాను.