మేకుకి తగిలించిన కర్ర

నాకూ బావకూ కలిపి ఒకటే విమానం. రెండు సీట్లది, పాతది. దాని పెట్రోలు ముల్లు నోరు తెరిస్తే అబద్ధమే చెబుతుంది కాబట్టి ట్యాంకులో కర్ర ముంచి చూసుకుంటాం. మా ఇద్దరికే తెలిసిన పద్ధతి ఒకటుంది. ట్యాంకు నింపినవాడు ఆ కర్రని షెడ్డులో మేకుకి తగిలిస్తాడు. నింపకపోతే పైలట్ సీటు మీద వదిలేస్తాడు.

నిన్న సాయంత్రం పీపాలో చుక్క లేక సీటు మీదే వదిలేశాను. పొద్దున నేను వచ్చేసరికి బావ ఇంజన్ తిప్పేశాడు. కొత్త పీపా వచ్చుంటుంది, నింపే ఉంటాడనుకుని ఎక్కి కూర్చున్నాను.

వాగు దాటగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"నిన్న నింపలేదట్రా?" అన్నాడు బావ.

"కర్ర సీటు మీద పెట్టాగా!"

"మేకుకుందిరా!"

ఎదురుగా ఫ్యాను రెక్క కదలకుండా నిలబడింది. భయమేసింది. దానితోపాటే ఒళ్లు మండింది.

"ఆ కర్ర ముట్టుకున్నవాడి చెయ్యి విరిచేస్తాను!"

"ముందు దిగనీ, తర్వాత విరుద్దువుగాని. తీగలు చూడు."

ఎడమవైపు దున్నిన పొలం, దాని అంచున కరెంటు తీగలు. వేగం పడిపోతే రాయిలా పడతామని బావ విమానం ముక్కు కిందికే వంచి ఉంచాడు. తీగలు మీదికొచ్చేస్తున్నాయి.

"దాటలేం బావా!"

"నోర్ముయ్."

దాటాం. ఎలాగో నాకిప్పటికీ తెలీదు. చక్రాలు మట్టిని మెత్తగా తాకాయి. బతికిపోయాం అనుకునేలోపే ముందు చక్రం కాలవలో దిగబడి విమానం తలకిందులైంది.

ఆసుపత్రిలో బావ కాలికి పెద్ద కట్టు, నా నుదుటికి కుట్లు. అక్క ఏడుస్తూనే ఇద్దరినీ కడిగేసింది.

"పెట్రోలు చూసుకోకుండా ఎగురుతారా? ఇద్దరికీ కలిపి ఒక్క బుర్రయినా లేదు! నేనేమో తెల్లవారకముందే లేచి మీ షెడ్డంతా సర్దాను. సీటు మీద పారేసిన కర్ర కూడా తీసి మేకుకి తగిలించానే!"

నేను నోరు తెరవబోయాను. బావ నా మణికట్టు గట్టిగా నొక్కాడు.

"తప్పు నాదే," అన్నాడు అక్కతో. "ట్యాంకు చూసుకోవాల్సింది. బద్ధకించాను."

"అంతేనట్రా?" అంటూ అక్క నా నుదుటి మీద కట్టు సరిచేసింది.

"అంతే అక్కా," అని ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను.