కోటు ఎడమ చెయ్యి

మార్చి పదకొండో తేదీ కటింగ్ మాస్టారికి ఇప్పటికీ గుర్తే. ఆ మధ్యాహ్నం ఆయన రెండు ఉడికించిన గుడ్లు, ఒక రొట్టె ముక్క, బాగా మగ్గిన అరటిపండు తిన్నాడు. పండు చివరి ముక్క నోట్లో ఉండగా కుట్టుశాల యజమానురాలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వేసవి అయ్యేలోగా ఈ కుట్టుశాల మొత్తం మీకే అప్పగిద్దామనుకుంటున్నాను, మాస్టారూ. కానీ అందరూ వెళ్ళాక మీరొక్కరే కూర్చుని, వాళ్ళు కుట్టినవి విప్పి మళ్ళీ కుడుతున్నారని నాకు తెలుసు. ఇలాగైతే కుదరదు, బయటినుంచి ఎవరినైనా తెచ్చుకోవాల్సి వస్తుంది. ఒక కోచ్‌ని చూసుకోండి. ఖర్చు నాది."

నోట్లో పండు ఉంది కాబట్టి వెంటనే జవాబు చెప్పే బాధ తప్పింది. ఇలాంటి చిన్న చిన్న దయలకు లోలోపల దణ్ణం పెట్టుకునే మనిషి మాస్టారు.

ఆవిడ అన్నది నిజమే. బట్ట కోయడంలో చెయ్యి తిరిగిన ఆయనకు "ఇది తప్పు" అన్న ముక్క మాత్రం గొంతు దాటదు. భార్య ఉన్నన్నాళ్ళూ ఆ లోటు తెలీలేదు. అదే గదిలో కాజాలు కుడుతూ, ఆవిడ ఆయన మొహం చూసే సంగతి పట్టేసి, "ఏమ్మా, ఆ కాలరు అలా మూతి ముడుచుకుందేం?" అని నవ్విస్తూనే విప్పించేది. ఆవిడ పోయినప్పటినుంచి కాలర్ల మూతులన్నీ మాస్టారే సరిచేస్తున్నాడు.

"కోచా? ఈ వయసులో పరుగు పందేలకి వెళ్తావుట్రా?" అంది అక్క, ఆ సాయంత్రం.

"అది కాదక్కా. పనిలో మనకెక్కడ అడ్డం పడుతోందో మనచేతే చెప్పించే మనిషి."

"ఆ మాత్రానికి నేను లేనూ? నువ్వు పుట్టినప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాగా."

"నువ్వు చెబుతావు. వాళ్ళు వింటారట."

అక్క కాసేపు ఆలోచించింది. "అయితే బయటివాళ్ళనే చూసుకో. వినడం నావల్ల కాదు."

మాస్టారు ముగ్గురు కోచ్‌లను చూశాడు. చూశాడంటే, ముందు వాళ్ళ కోట్లు చూశాడు. మొదటాయన కోటు భుజాల దగ్గర వెతికినా ముడత లేదు. "మూడు నెలల్లో మిమ్మల్ని పులిని చేసి పంపిస్తాను" అన్నాడాయన. పులి కత్తెర ఎలా పట్టుకుంటుందో తెలీక మాస్టారు లేచి వచ్చేశాడు. రెండో ఆయన దేనికైనా "అద్భుతం" అనేవాడు. "నాకు నోరు రాదండీ" అన్నా "అద్భుతం!" అన్నాడు. 

మూడో ఆవిడ చెప్పుల కొట్టు మీద చిన్న గదిలో, రెండు కుర్చీలతో కాపురం పెట్టింది. ఆవిడ నల్ల కోటు అంచు ఊడి వేలాడుతోంది. దానికి తెల్లగా మెరిసే పిన్నీసొకటి. ఆవిడ ఏదో అడుగుతోంది, మాస్టారు ఏదో చెబుతున్నాడు, కళ్ళు మాత్రం పిన్నీసుకే అతుక్కుపోయాయి.

"ఏంటండీ చూస్తున్నారు?"

"ఏం లేదండీ."

ఆవిడ మళ్ళీ అడగలేదు. ఊరికే కూర్చుంది. మాస్టారు కిటికీకేసి చూశాడు, చేతులకేసి చూశాడు, తిరిగి తిరిగి పిన్నీసు దగ్గరికే వచ్చాడు.

"అంచు ఊడిందండీ. ఇటివ్వండి, రెండు నిమిషాల్లో కుట్టేస్తాను." అప్పటికే జేబులోని సూది వేళ్ళ మధ్యకి వచ్చేసింది.

ఆవిడ నవ్వింది. "వద్దండీ. చెప్పారుగా, చాలు. నేను కుట్టుకుంటాను. ఎప్పుడు చూశారు?"

"మీరు తలుపు తీసినప్పుడే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చిన్నబుచ్చుకుంటారని."

"పొద్దున్నుంచి ఈ కోటుతో నలుగురిని కలిశాను. ఒక్కరైనా చెప్పుంటే ఎంత బాగుండేది!"

వెళ్ళబోతుంటే ఆవిడే అంది: "నన్నే ఎంచుకుంటే గురువారం రండి. మీ జీవితమంతా మోసుకురావద్దు. ఎవరితోనో అనాలనుకుని మింగేసిన మాట ఒక్కటి తెండి."

"అంచు ఊడినావిడ నిన్ను బాగుచేస్తుందా?" అంది అక్క.

"చెయ్యదక్కా, నాచేతే చెప్పిస్తుంది. అందుకే ఆవిడే నచ్చింది."

మింగిన మాటలకు ఆయన దగ్గర కొరత లేదు. వాటిలోంచి తుఫాను సంగతి ఏరుకున్నాడు. తుఫాను అంటే మిషను తొక్కితే కిటికీ అద్దాలు అదిరే కుట్టుపనావిడ. ఆవిడ కుట్టే కోట్లకి ఎడమ చెయ్యి మెలి పడుతోంది. మంగళవారం ఇంట్లో రిహార్సలు పెట్టాడు. అక్క కోచ్. ఎందుకైనా మంచిదని కళ్ళజోడు కూడా పెట్టుకుంది.

"చెప్పండి. ఏం మింగారు?"

"ఎడమ చెయ్యి మెలి పడుతోందండీ..."

"గొణక్కు! ఆవిడతోనే అనొచ్చుగా?"

"అక్కా, కోచ్ అలా అరవదు."

"కోచ్ ఉద్యోగం మానేశాను. అక్కగా అడుగుతున్నా. అనవేం?"

మాస్టారు కాఫీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

బుధవారం సాయంత్రం తుఫాను కోటు ఒకటి ముగించి, హ్యాంగరుకి తగిలించి, సంచి భుజాన వేసుకుంది. ఎడమ చెయ్యి మళ్ళీ మెలి. మాస్టారి చెయ్యి కుట్లు విప్పే కత్తి మీదికి దానంతటదే పోయింది. ఇప్పుడే చెప్పేస్తే రేపటికి దాచుకున్న మాట ఖర్చయిపోతుంది కదా అని కూడా తోచింది. అంతలో నల్ల కోటు మీద తెల్ల పిన్నీసు కళ్ళముందు మెరిసింది.

"ఆగమ్మా."

"ఏం మాస్టారూ?"

"ఏం లే..." సగం మాట బయటపడింది. ఈసారి దాన్ని మింగాడు. "ఎడమ చెయ్యి మెలి పడింది. విప్పి మళ్ళీ కుట్టాలి."

తుఫాను వెనక్కొచ్చి చూసింది. "అయ్యో, అవును! ఇదొక్కటేనా?"

"కాదమ్మా. చలికాలం నుంచీ."

"మరి అవన్నీ?"

"నేనే సరిచేశాను."

సంచి బల్ల మీద పడింది. ఆవిడ మొహం నిజంగానే చిన్నబోయింది. "అంటే నేనింట్లో గొప్పలు చెప్పుకున్నదంతా మీ కుట్టు చూసుకునా?"

మాస్టారి చూపు తలుపు వైపు పోయింది. అయినా అక్కడే నిలబడ్డాడు. "ముందే చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే!" ముక్కు ఎగబీల్చి, కోటు ఆయన ముందు పరిచింది. "ఎక్కడ తప్పుతున్నానో చూపించండి."

ఆయన సుద్దతో గీత గీశాడు. ఆవిడ దాని మీద వేలు పెట్టి రెండుసార్లు పోనిచ్చింది.

"పొద్దున్నే విప్పుతాను. మీరు ముట్టుకున్నారో, ఊరుకోను!"

"ముట్టుకోను."

ఆవిడ వెళ్ళగానే అక్కకి ఫోన్ చేశాడు. "రేపటి మాట ఇవాళే అయిపోయిందక్కా. ఇప్పుడేం తీసుకెళ్ళను?"

"నాతో అనాల్సినవి లేవా ఏం?"

"ఉన్నాయి" అనేశాడు.

అక్క గొంతు తగ్గించింది. "ఎన్నిరా?"

"ముందు కోచ్‌కి చెప్పి, తర్వాత నీకూ చెబుతాలే."

దీపం ఆర్పబోతూ కోటుకేసి చూశాడు. మెలి అలాగే ఉంది, సుద్దగీత తెల్లగా కనిపిస్తోంది. ఒకసారి చెయ్యి అటు చాచి, వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కాజాల బల్ల దగ్గరి భార్య కుర్చీని కాస్త లోపలికి జరిపి, బయటికొచ్చి, తలుపు నెమ్మదిగా దగ్గరికి లాగి తాళం వేశాడు.