పలక మీద ఒంటికన్ను

పెరుమాళ్ తలగుడ్డను ఎడమకంటి మీదికి లాక్కుని మిరపమూటకు వీపు వంచాడు. ఒక కన్ను మూస్తే లారీలోకి ఎక్కే చెక్కపలక ఒకటే. రెండూ తెరిస్తే రెండు పలకలు, రెండు లారీలు.

విరుదునగర్ గోదాములో మోసి మోసి అతని మెడ ఎద్దు మెడలా కాయలు కాసింది. నడుము ఎప్పుడో పోయింది. నొప్పికని మందుల కొట్టువాడు అమ్మిన మాత్రలు ఏళ్ళ తరబడి మింగాడు. అది నల్లమందు జాతి సరుకని చెప్పిన మనిషి లేడు. చెప్పాల్సినవాడు అమ్ముకున్నాడు. కూలీల మేస్త్రీకి మూట కదిలితే చాలు.

ఈసారి ఇరుక్కంగుడి మారియమ్మకు మొక్కుకుని చేతికి కాపు కట్టుకున్నాడు. ఆ పసుపుతాడు ఉన్నన్నాళ్ళు కల్లు, మాంసం ముట్టరు. పెరుమాళ్ మాత్రనూ ఆ లెక్కలోనే వేసి ఒక్కసారిగా మానేశాడు. ఒళ్ళు వణికింది, విరేచనాలు పట్టుకున్నాయి, ఎడమకన్ను ముక్కువైపు తిరిగింది. కొంచెం కొంచెంగా తగ్గించాలని, ఒక్కసారిగా మానితే కొందరికి కన్ను ఇలా తిరుగుతుందని డాక్టరైతే చెప్పేవాడు. ఆసుపత్రికి పోతే కూలి పోతుంది. కన్ను సంగతి బయటపడితే పనే పోతుంది.

భార్య నాగమ్మాళ్ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలకు కాగితాలు అతికిస్తుంది. అమ్మవారికి కోపం వచ్చిందనుకుంది. ఆ పొద్దున అతను విరుదునగర్ రైలుకు బయలుదేరుతుంటే అడ్డం వచ్చింది.

"ఈపొద్దే వెండికండ్లు కొనకొస్తా. శుక్కురవారం పొయ్యి అమ్మకి పెట్టేసి వద్దాము. అంతవరకూ లీవు పెట్టయ్యా."

"లీవు పెడితే మేస్త్రీ ఇంకొకడ్ని పెట్టుకుంటాడు."

గోదాములో తోటికూలీ లక్ష్మణసామి ఎగతాళి చేశాడు. "ఏమన్నా, పొద్దున్నించి కన్ను కొడతానే ఉండావు, ఎవురికి?"

"బయపడొద్దు. నీ పెండ్లానికి కాదు."

మధ్యాహ్నం గాలి లేచింది. పలక మధ్యలో ఉండగా మూట చిరుగులోంచి మిరపకారం రేగి తెరిచిన కంట్లో పడింది. తుడుచుకోబోతే తలగుడ్డ జారింది. కళ్ళు రెండూ తెరుచుకున్నాయి. పలకలూ రెండయ్యాయి. పెరుమాళ్ లేనిదాని మీద కాలు వేశాడు.

మూట పడిన చప్పుడే పెద్దగా వినిపించింది.

లక్ష్మణసామి వచ్చేసరికి ఊపిరి లేదు. తాగి పడ్డాడని మేస్త్రీ అన్నాడు. లక్ష్మణసామి పెరుమాళ్ చేతిని పైకెత్తి పసుపుతాడు చూపించాడు. మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు. సాయంత్రానికి లారీ నిండి వెళ్ళిపోయింది.

కోవిల్‌పట్టి ఇంట్లో, గూట్లో పెట్టిన కొత్త అగ్గిపెట్టెలో నాగమ్మాళ్ కొనుక్కొచ్చిన వెండికళ్ళు ఉన్నాయి. రెండూ తిన్నగా చూస్తున్నాయి.