వాడినవారి పేరు

చోడి అంబలి అడుగంటకుండా కుడిచేత్తో కలుపుతూ, ఎడమచేత్తో కొత్త ఫోను నొక్కి చూసుకుంటున్నాను. మా ఆయన లాజరస్ వెనకనుంచి వచ్చి ఆ ఫోను నా చేతిలోంచి తీసుకున్నారు. "ఆవిరి తగిల్తే పాడైపోద్ది. ఇంత పెద్ద ఫోనుతో నీకేటి పని? పురుళ్ల కబుర్లు పంపడానికి ఆ చిన్నది సాలదా?" అన్నారు. జేబులో పెట్టుకుని ఆశ్రమ పాఠశాలకి వెళ్లిపోయారు. ఆయన అక్కడ టీచరు.

అది రెండువేల తొమ్మిది ఆగస్టు. డుంబ్రిగుడ మండలంలో ఒక సబ్‌సెంటర్లో నేను నర్సుని. ముందురోజే అరకులో మీటింగయింది. కొండ ఊళ్లలో గర్భిణుల ఆరోగ్యం చూసే ఒక సంస్థ తరఫున హేమలత మేడమ్ వచ్చి, నాకు రెండు ఫోన్లు ఇచ్చారు. ఒకటి మామూలు అంకెల బటన్లది. రెండోది వెడల్పుగా, టైపు మిషన్ని అరచేతిలోకి కుదించినట్టు, ఒక్కో అక్షరానికి ఒక్కో మీటతో ఉంది. పైన అంకెలకి వేరే వరస. "ఆరు వారాలు ఇదీ, ఆరు వారాలు అదీ వాడు అంతోనమ్మా. ఏది మేలో రాసివ్వు. పదిహేనుమంది నర్సులకి నీ మాట మీదే తెప్పిస్తాం" అన్నారావిడ. నన్నే ఎంచడానికి కారణముంది. మిషన్ హాస్టల్లో చదివే రోజుల్లో సిస్టరుగారు నాకు టైపు నేర్పించారు. లోయరు పరీక్ష పాసయ్యాను కూడా. ఆ తర్వాత పెళ్లయి, నర్సు ట్రైనింగయి, ఇరవై ఏళ్లలో మళ్లీ మిషను ముట్టుకోలేదు. కానీ అరకు నుంచి వచ్చే బస్సులో ఆ పెద్ద ఫోను ఒళ్లో పెట్టుకుంటే వేళ్లు వాటంతటవే అక్షరాలు వెతుక్కున్నాయి. చూడకుండా నా పేరు కొట్టాను. ఒక్క తప్పు లేదు. నేను చేసే పనుల్లో నాకు అంత సంతోషం ఇచ్చింది ఇంకేదైనా ఉందా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తురాలేదు.

ఆరు వారాల తర్వాత ఆయన నాకిచ్చేస్తారు కదా అనుకున్నాను. ఇవ్వలేదు. ఆదివారం గుడికి వెళ్లేటప్పుడు చొక్కా జేబులోంచి సగం బయటికి కనపడేట్టు పెట్టుకునేవారు. దాంట్లో పాటలు ఎక్కించారు, ఫొటోలు తీశారు, హెడ్మాస్టరు గారికి చూపించారు. "మా ఆవిడ ఆఫీసోళ్లిచ్చినారండీ" అని ఒక్కసారైనా అన్నారేమో నాకు తెలీదు. అడిగితే, "నీ పేరు మీదుంటే నీదే కదేటి? నేనేటి తినేస్తన్నానా?" అనేవారు. నాకు ఎదురు మాట దొరికేసరికి ఆయన సగం దూరం వెళ్లిపోయి ఉండేవారు.

చిన్న ఫోను చెడ్డదని అనను. కింద పడినా ఏమీ కాదు. ఛార్జింగు నాలుగు రోజులుంటుంది, కరెంటు నిలవని మా ఊళ్లకి అది పెద్ద వరం. టార్చి ఉంది. సిగ్నలు కూడా పెద్దదానికంటే బాగా పట్టుకుంటుంది. కానీ నా పని రాసే పని. ఒక్కో మీట మీద మూడేసి, నాలుగేసి అక్షరాలు. కాళ్లవాపు అని ఇంగ్లీషులో రాయాలంటే పెద్దదాంట్లో ఎనిమిది నొక్కులు, చిన్నదాంట్లో పంతొమ్మిది. మధ్యలో అంకెలు రాయాలంటే ఇంకో మీట నొక్కి మార్చుకోవాలి, మళ్లీ అక్షరాలకి రావాలంటే ఇంకోసారి మార్చాలి. తెర ఎంత చిన్నదంటే వెనక ఏం రాశానో కనపడదు. వారానికి ముప్పైమంది ఆడవాళ్ల బీపీలు, రక్తం, బరువు, నెలలు. కొండ ఊళ్లలో కాల్ కలవదు. గట్టు మీదికెక్కి నిలబడితే ఒక గీత సిగ్నలు వస్తుంది, మెసేజి మాత్రం వెళ్తుంది. అక్కడ నిలబడి బొటనవేలు తిమ్మిరెక్కేదాకా నొక్కి, ఇంటికొచ్చి అదే చేత్తో పప్పు రుబ్బుతుంటే మా అత్త అనేది: "ఆ డబ్బా నొక్కడానికి లేని నొప్పి రోలు కాడికొచ్చేసరికి వచ్చిందేటి కోడలా?"

అక్టోబరులో గంగ సంగతి జరిగింది. పై ఊరి గుంట. ఇరవై నిండని పిల్ల, తొలి కాన్పు. ఏడో నెల. మొహం, కాళ్లు వాచిపోయాయి. బీపీ చూస్తే నూట డెబ్బై, నూట పది. తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. "చీకటి పడుతోంది, ఈ వానలో దిగలేరు. రేపు పొద్దున్నే డోలీలో రోడ్డు కాడికి దింపండి. జీపు రప్పిస్తాను" అని ఆమె మొగుడు బుధుతో చెప్పి, వానలో గట్టెక్కాను. చీర కొంగు ఫోను మీద కప్పి, సంస్థ డాక్టరుకి కొట్టాను: పేరు, నెల, బీపీ, పొద్దున్నే జీపు కావాలి. వెళ్లిందన్న గుర్తు చూసుకుని దిగొచ్చాను.

పొద్దున్న బుధు, ఇంకో ముగ్గురూ కలిసి గంగని మోసుకొచ్చారు. జీపు లేదు. గంటన్నర చూశాం. నేను సిగ్నలు కోసం మలుపుదాకా పరిగెడితే ఫోను మోగింది. నిన్న సాయంత్రమే డాక్టరుగారు పంపిన జవాబు అది. నాకు అప్పుడు అందింది. "మీ మెసేజి అర్థం కాలేదు. మళ్లీ పంపండి." నేను పంపింది తీసి చూసుకున్నాను. అంకెలకి మార్చడం మర్చిపోయాను. బీపీ ఉండాల్సిన చోట చుక్క, ఒక అక్షరం, కామా. కింద జీపు అన్న మాట కూడా సరిగా లేదు, అక్షరాలు దొర్లిపోయాయి. అక్కడే నిలబడి మళ్లీ కొట్టాను. జీపు వచ్చేలోపే రోడ్డు పక్కన గంగకి ఫిట్సు వచ్చాయి. పళ్ల మధ్య గుడ్డ పెట్టి నేనే పట్టుకున్నాను.

గంగ బతికింది. బిడ్డ బతకలేదు.

పదిరోజుల తర్వాత చూడ్డానికి వెళ్తే, అరుగు మీద కూర్చునుంది. నన్ను తిట్టలేదు. "ఫోన్లో పెట్టినావు కదమ్మా, ఆలకి అందలేదేటి?" అని మాత్రం అడిగింది. అందింది తల్లీ, నేను రాసిందే సరిగా లేదు అని చెప్పాలి. "ఆలస్యమైంది" అన్నాను. దారంతా ఆ మాట నన్ను తినేసింది. పెద్ద ఫోను చేతిలో ఉంటే బిడ్డ బతికేదా? ఏమో. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేడు. కానీ నూట డెబ్బై అన్న అంకె వెళ్లేది, జీపు రోడ్డు మీద ఉండేది. అదే సమయానికి ఆ ఫోను స్టాఫ్ రూములో పాటలు పాడుతూ ఉండుంటుంది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఆయన అన్నం కలుపుకుంటూనే, "నువ్వు సరిగ్గా సూసుకోకపోతే ఫోనేటి సేస్తది?" అన్నారు. అది నిజమే కదా అని నాకు నేనే ఒప్పుకున్నాను కొన్నాళ్లు. నా తప్పు ఉంది. కానీ అది నా ఒక్కదాని తప్పు ఎందుకవ్వాలో నాకు ఎంత ఆలోచించినా తెలియలేదు.

నవంబరులో హేమలత మేడమ్ ఫారాలు పంపారు. ఫోనుకొకటి, రెండు. ఫోను రకం, వాడినవారి పేరు, ఎన్ని వారాలు, మంచి, చెడు, సంతకం. ఆయన పక్కన కూర్చుని, "నే సెప్తాను రాయి" అన్నారు. "పెద్దది కెమెరా బాగుంది, పాటలు బాగున్నాయి. కానీ ఆడోళ్లకి కష్టం, మీటలు మరీ చిన్నవి. నర్సులకి చిన్నదే సాలు అని రాసీ. పెద్దది కొండ దిగుతుంటే గెడ్డ నీళ్లలో పడిపోయిందని రాయి. మనకుంటది."

మా అత్త గుమ్మంలోంచి, "మొగుడు సెప్పినట్టు రాయడానికి అంత ఆలోసనేటి?" అంది.

నేను రాయడం మొదలుపెట్టాను. చిన్న ఫోను ఫారంలో నా పేరు, పన్నెండు వారాలు. ఛార్జింగు, టార్చి, సిగ్నలు, అన్నీ మంచివే రాశాను. చెడు అన్న చోట గంగ పేరు రాసి, నేను పంపిన మెసేజి ఉన్నదున్నట్టు, చుక్కా కామాతో సహా ఎక్కించాను. రెండో ఫారం ఆయన ముందుకు జరిపాను.

"ఏటిది?"

"పెద్దది వాడింది మీరు కదండీ. మీ పేరు రాసి సంతకం పెట్టండి."

"ఎటకారమా?"

"కాదండీ. నేను వాడందాని గురించి నేనెలా రాస్తాను?"

ఆయన కాగితం విసిరికొట్టి బయటికి వెళ్లిపోయారు. నేను తీసి, మడత సరిచేసి, వాడినవారి పేరు అన్న చోట నేనే రాశాను: లాజరస్, టీచరు, పన్నెండు వారాలు. మంచి, చెడు ఖాళీగా వదిలేశాను. కింద ఒక్క మాట రాశాను: "ఈ ఫోను నర్సుల కోసం ఇచ్చారు. నర్సు చేతికి ఒక్క పూట వచ్చింది. ఆ పూట చాలా బాగుంది."

మర్నాడు అరకులో మేడమ్ రెండు కాగితాలూ చదివారు. రెండోది రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"ఇది ఇలాగే పై ఆఫీసుకి వెళ్తే, ఫోను మీ ఆయన దగ్గర్నుంచి తిరిగి తీసుకోమని బడికే ఉత్తరం రాస్తారమ్మా. ఇంట్లో గొడవవుతుందేమో."

"అవుతుంది మేడమ్," అన్నాను. "పంపండి."