చెక్క చేపకు తగిన కర్ర

గోవిందప్పకు ఒక జబ్బుంది. డాక్టర్లు చూసేది కాదు లెండి. ఓడిపోతే ఓర్చుకోలేడు, అంతే. అరవడు, తిట్టడు. తనను ఓడించిన మనిషితో ఆ ఆట మళ్ళీ జన్మలో ఆడడు. ధర్మవరంలో కొత్త కాపురం రోజుల్లో నాగమణి పులిజూదంలో ఆయన పులులన్నింటినీ కట్టిపడేసింది. కొత్త పెళ్ళాం గదా, ముచ్చటపడతాడనుకుంది పిచ్చిది. ఆ మర్నాటి నుంచి ఆయన ఆ గళ్ళ ముందు కూర్చుంటే ఒట్టు. ఇన్నేళ్ళయినా ఆమె ఆ సంగతి మర్చిపోలేదు. ఏ ఆడది మర్చిపోతుంది చెప్పండి?

ఇప్పుడు వాళ్ళ కాపురం కొండాపూర్‌లో, మూడో అంతస్తు ఫ్లాటులో. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల మేడ లేచిన దగ్గర్నుంచి గోవిందప్పకు క్షణం తీరిక లేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళను స్కూటరు మీద ఎక్కించుకుని రాళ్ళూ గుట్టలూ తిప్పి ప్లాట్లు చూపించడమే పని. పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. వచ్చాక "అన్నం పెట్టు" అనేదొకటి, తిన్నాక "లైటు తియ్యి" అనేదొకటి. ధర్మవరంలో అయితే వీధి అరుగు మీద కూర్చుంటే నలుగురు పలకరించేవాళ్ళు. ఇక్కడ ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకోవడమే గగనం. నాగమణికి మాట్లాడే మనిషి లేక నాలుక పిడచకట్టుకుపోయింది.

ఇక మిగిలింది ఆదివారం. ఆ ఒక్క రోజునూ ఈ మహానుభావుడు దుర్గం చెరువుకు రాసిచ్చేశాడు. వెదురు కర్ర, వానపాములు, ఆయన. పొద్దున్నే వెళ్ళి ఎండ నెత్తికెక్కాక వచ్చేవాడు. పడితే పడేవి, లేకపోతే లేదు.

అట్లా ఉండగా, ప్లాటు కొన్న ఒకబ్బాయి అమెరికా పనిమీద పోయి వచ్చి ఆయనకు మూడు చెక్క చేపలు కానుకగా ఇచ్చాడు. బొటనవేలంత చేప, రంగులేసి, కళ్ళు పెట్టి, మూతికి ముందు చిన్న గరిటెలాంటి రేకు బిగించి, పొట్ట కిందొకటి, తోక కిందొకటి మూడు మొనల ముళ్ళు తగిలించి ఉంది. అక్కడ బాస్ అనే చేపను వీటితోనే పడతారట. విసిరి, దారం చుట్టే రీలు తిప్పుకుంటూ వస్తే ఆ రేకు నీళ్ళను కోసుకుని చేపను అడుక్కి దింపుతుంది, బతికున్నదానిలా ఒళ్ళు ఊపుకుంటూ పోతుంది. మన కొర్రమీను మాత్రం ఊరుకుంటుందా, మింగదూ?

వాటిని చూసిన దగ్గర్నుంచి గోవిందప్పకు నిద్రపట్టలేదు. వెదురు కర్రకు రీలు ఎక్కడుంటుంది? కొత్త కర్రా కొత్త రీలూ కావాలి, సికింద్రాబాదు పోవాలి అన్నాడు.

"నేనూ వస్తా" అంది నాగమణి.

"రా. చీరల అంగళ్ళు గూడా ఆ పక్కనే ఉండాయి."

"చీరలకు కాదు. నాకూ ఒక కర్ర కావాల. ఆదివారం నేనూ చెరువుకొస్తా."

గోవిందప్ప పడీపడీ నవ్వాడు. "నువ్వొస్తే నిన్ను చూసి చేపలు నవ్వుతాయి మే!"

"నవ్వితే నోరు తెరుస్తాయి గదా. పట్టుకునేకి నాకు సులువు."

సరే రమ్మన్నాడు. ఒక్కరోజు ఎండలో నిలబడితే తనే మానుకుంటుందిలే అని ఆయన లెక్క.

సికింద్రాబాదులో వలలూ తాళ్ళూ గాలాలూ అమ్మే సందులో నర్సింహ అంగడి ఉంది. గోవిందప్ప చెక్క చేపను బల్లమీద పెట్టి, దీనికి తగిన కర్ర చూపించమన్నాడు. నర్సింహ పది కర్రలు తెచ్చి గోడకు ఆనించాడు. గోవిందప్ప కర్రలు చూసే తీరు వింతగా ఉంటుంది. ఊళ్ళో బోరుబావి పైపులు ఎట్లా ఎంచేవాడో అట్లా. పట్టుకుని వంచడం, వంగితే పక్కన పడేయడం. చివరికి ఇనప ఊచలా నిటారుగా ఉన్న నల్ల కర్రను ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదీ కర్రంటే! ఏనుగును గూడా లాగొచ్చు. దీనికి అన్నింటికన్నా బిరబిరా చుట్టే రీలు వెయ్యి."

"అన్నా, జర ఆగు" అన్నాడు నర్సింహ. "గీ చెక్క చాపకు గట్టి కర్ర పనికిరాదు. చాప మీద పడంగనే నువ్వు గుంజుతవు. కర్ర వంగదు, ముల్లు నోరు చీరుకొని బయటికొస్తది. మెత్త కర్రయితే చాప గుంజినకొద్దీ వంగుతది, ముల్లు ఊడది. రీలు సుత నిమ్మళంగ చుట్టేదే మంచిది. జల్ది చుట్టితె చాపకు అందకుంట ఉరుకుతది గిది."

గోవిందప్ప చెవిన వేసుకుంటేగా! "వంగేది కర్ర ఎట్లయితాదప్పా? అది ఆడోళ్ళకు ఇయ్యి" అని పసుపుపచ్చ కర్రొకటి తీసి నాగమణి చేతిలో పెట్టాడు. తనకు వద్దన్నది పెళ్ళానికి అంటగట్టడం ఆయనకు అలవాటే.

నాగమణి కర్రను అందుకుంది. చెయ్యి చాపి పట్టుకుని చూసింది. మణికట్టు లాగలేదు. నర్సింహ కర్ర కొసకు దారం కట్టి లాగి చూపించాడు. కర్ర చివరి నుంచి సగం దాకా మెల్లగా వంగింది, వదలగానే నిమ్మళంగా లేచింది. ఆ ఊపు ఆమె అరచేతికి హాయిగా తెలిసింది. "నాకిదే కావాల. రీలు గూడా ఆ నిమ్మళంగా చుట్టేదే ఇయ్యి తమ్ముడూ" అంది.

ఆదివారం పొద్దున్నే స్కూటరు వెనక నాగమణి రెండు కర్రల్నీ జెండాల్లా నిలబెట్టి పట్టుకుని కూర్చుంది. ఒళ్ళో బొరుగుల ఉగ్గాని డబ్బా. చెరువు దగ్గర నరపురుగు లేదు. చుట్టూ ఇంతింత బండలు, నీళ్ళ మీద పల్చగా పొగమంచు. గోవిందప్ప ఆమెకు విసరడం నేర్పాడు. మొదటిసారి ఆమె చెక్క చేప వెనక తంగేడు పొదలో పడింది. రెండోసారి కాళ్ళ దగ్గరే పడింది. ఆయన విసుక్కోలేదు సరికదా, కడుపుబ్బ నవ్వాడు, వెనక నిలబడి చెయ్యి పట్టుకుని చూపించాడు. తర్వాత ఇద్దరూ ఒకే బండ మీద కూర్చుని ఉగ్గాని తిన్నారు. ధర్మవరం కబుర్లు వచ్చాయి. తన మేనత్త ఎడ్లబండి మీంచి పడిన సంగతి చెప్పి ఆయన, విని ఈమె, కళ్ళనీళ్ళు పెట్టుకునేలా నవ్వారు. ఎన్నాళ్ళయింది ఈయన ఇంతసేపు మాట్లాడి అనుకుంది నాగమణి. ఆమె కడుపు నిండిపోయింది. చేప పడినా పడకపోయినా ఆమెకొకటే.

ఆయనకు ఒకటి కాదు. ఆయన గాలానికి రెండుసార్లు చేప తగిలింది. రెండుసార్లూ ఆయన ఎగిరి ఒక్క గుంజు గుంజాడు, రెండుసార్లూ ఉత్త చెక్క చేప గాల్లోకి లేచి వచ్చింది. మొహం గంటుపెట్టుకున్నాడు. దారం రీల్లో చిక్కుపడితే అటు తిరిగి కూర్చుని దాన్ని విప్పుకుంటూ తనలో తనే సణుక్కుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే నాగమణి కర్ర బరువెక్కింది. అప్పటిదాకా అడుగున రాళ్ళకు చెక్క చేప తగిలి టక్కుటక్కుమంటుంటే చేతికి తెలుస్తూనే ఉంది. ఇదీ రాయే అనుకుంది. రాయి కదిలింది. కదిలి పక్కకు పరుగెత్తింది. కర్ర సగం దాకా వంగిపోయింది.

ఆమెకు ముందు సంతోషం, ఆ వెంటనే భయం. మొగుడి వీపు వైపు చూసింది. ఇది గట్టుకొచ్చిందా, అయిపోయింది. ఈయన నోరు మెదపడు, వచ్చే ఆదివారం ఏదో ఒక వంక చెప్పి ఒంటరిగా పోతాడు. మళ్ళీ ఆ మూసిన తలుపులు, మళ్ళీ ఆ పలకని ఫ్లాటు. వద్దు తల్లీ, పో, నీ దారిన నువ్వు పో అనుకుని చుట్టడం ఆపేసింది. కర్రను రవంత కిందికి దించింది కూడా.

చేప పోతేగా! అది లోపలికి ఉరికిన కొద్దీ కర్ర వంగింది, ఆగినప్పుడల్లా తనంతట తానే లేచి దారాన్ని బిగబట్టింది. ఆమె వదిలినా కర్ర వదల్లేదు.

నీళ్ళ చప్పుడుకు గోవిందప్ప వెనక్కి తిరిగాడు. "ఏమ్మే! పడిండాది గదే! చుట్టు, చుట్టు!"

ఆమె చుట్టలేదు.

"ఏమైంది? చెయ్యి నొప్పా?"

"పోతే పోనీలే."

"పిచ్చిగాని పట్టిందా నీకు? అంత చేపను పోనిస్తారా ఎవరన్నా?"

నాగమణి ఇక ఆగలేకపోయింది. "ఇది పడితే నువ్వు మళ్ళా నన్ను తీసకరావు!" అని అరిచేసింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురో చెప్పాల్నా? ఇన్నేండ్లు నేను కాపురం చేసింది ఎవురితో? వారమంతా ఆ గోడలతో మాట్లాడి మాట్లాడి చస్తాండా. ఈ పొద్దు నువ్వు నాతో నవ్వినావు. నాకు చేప వద్దయ్యా. నాకు ఆదివారం కావాల."

గోవిందప్ప మొహం ఎర్రబడింది. ఆమె చెప్పిందాంట్లో ఒక్క మాటా కాదనడానికి లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. చేతిలోని చిక్కుపడ్డ రీలును బండ మీద పెట్టేశాడు.

"ముందు చుట్టు" అన్నాడు చివరికి. "నిమ్మళంగా. గుంజొద్దు."

ఆమె చుట్టింది. ఆయన ప్యాంటు మడవకుండానే, చెప్పులతోనే నీళ్ళలోకి దిగి చేపను మొప్పల దగ్గర ఒడిసిపట్టి గట్టెక్కించాడు. కొర్రమీను, మోచెయ్యంత ఉంది. తన వెదురు కర్రకు ఇన్నాళ్ళలో ఇందులో సగం కూడా పడలేదు. తడిపిన గోనెసంచిలో పెట్టి మూతి కట్టాడు.

స్కూటరు మీద ఆయన ఉలుకూ పలుకూ లేదు. నాగమణి వెనక కర్రలు పట్టుకుని కూర్చుని, అయిపోయిందిలే, ఉన్న ఒక్క రోజునూ నోరు జారి పోగొట్టుకున్నాననుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. కొత్తగూడ దాటాక గోవిందప్ప ఉన్నట్టుండి బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"ఆ నర్సింహ దగ్గర నీ కర్రలాంటిది ఇంకోటి ఉంటాదా?"

"ఉంటాదేమో. అడగాల."

"రేపు పోదాం. నువ్వే చూసి తియ్యి. నాకు తెలీలేదు."

ఆయన బ్రేకు పిడిని ఊరికే నొక్కుతూ వదులుతూ కూర్చున్నాడు.

"నాకు కోపంగా ఉండాది" అన్నాడు మళ్ళీ.

"తెలుసు."

"రొండు దినాలుంటాది. వచ్చే వారం నీకే పడితే మళ్ళా వస్తాది. నా బుద్ధే అంత, ఏం చేసేది? నేను మూతి ముడుచుకోని కూచుంటా. నువ్వు మాత్రం రా."

నాగమణి కర్రలు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చెయ్యి ఆయన భుజం మీద వేసింది.

"బండి తియ్యి" అంది. "ఎండెక్కుతాంది."