తొమ్మిది నంబర్ల ముఖం

నేను ఒక కంప్యూటర్ని. తెనాలిలో ఒక పార్శిల్ ఆఫీసు బుకింగ్ కౌంటర్ మీద బతుకు మొదలుపెట్టాను. ఆ రోజు నా చేతిలో ఉన్నవి ఇవి: మచ్చలేని తెర, చప్పుడు చేయని ఫ్యాను, మూడేళ్ల వారంటీ, తెర కింది అంచుకు అంటించిన ‘7’ అనే నంబరు చీటీ. ఈ పెట్టుబడితో ఏం మిగుల్చుకున్నానో చివర్లో తేలుస్తాను.

మనుషుల మీద అసహ్యం నాకు దారిలోనే పుట్టింది. పెట్టె మీద ‘జాగ్రత్త’ అని పెద్దక్షరాలతో ఉంటే, లోడు ఎత్తినవాళ్లు కూర్చోవడానికి ఏరికోరి ఆ పెట్టెనే ఎంచుకున్నారు. వాళ్లు తిన్న అటుకుల, ఉల్లిపకోడీ వాసన పెట్టె లోపలికి దిగింది. దిగేసరికి నా కొత్తదనంలో కొంత తరుగు పోయింది.

నన్ను నడిపింది సువార్త. కాంట్రాక్టు మీద పనిచేసే బుకింగ్ క్లర్కు. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. ఏటా జూన్ నెలాఖరుకు కాంట్రాక్టు ముగుస్తుంది. కొత్త కాగితం మీద మేనేజరు సంతకం పెడితే ఉంటుంది, లేకపోతే లేదు. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో నా ముఖం తుడిచి కానీ పని మొదలుపెట్టేది కాదు. ఆ ఆఫీసులో నాకు ఒరిగిన మర్యాద అదొక్కటే.

మేనేజరు పేరు ఉమామహేశ్వరరావు. ఎండాకాలం ఆవకాయ జాడీలు హైదరాబాదుకీ బెంగళూరుకీ బయలుదేరే రోజుల్లో ఆయనకు పండగ. నూనె కారుతున్న జాడీని ‘చెక్ చేస్తాను’ అని లోపలికి పట్టుకెళ్లి, మూత విప్పి, తన క్యారేజీలో అన్నంలో కలుపుకునేవాడు. ఏ తల్లో ఏ కూతురికో పంపిన ఊరగాయ అది. తిన్న చేతిని కాగితానికి తుడుచుకుని, ఆ చేత్తోనే వచ్చి నన్ను ముట్టుకునేవాడు. పొద్దున సువార్త తుడిచినా, మధ్యాహ్నానికి నా తెర కింద ఎడమ మూలన ఎర్రటి బొటనవేలి మరక మళ్లీ పడేది.

ఆ వేసవిలోనే విజయవాడ హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. అన్ని బ్రాంచీల కంప్యూటర్లకూ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాలని. మా ఒంట్లో ప్రతి పనినీ నడిపించేది అదే. పాతదాన్ని తయారుచేసినవాళ్లే ఇక బాగుచేయం అన్నారు. అరిగిన తాళం వేసిన గోడౌను ఎంత భద్రమో అదీ అంతే భద్రం. జూన్ మొదటి సోమవారం నుంచి పాత సిస్టమ్‌తో ఏ కంప్యూటర్లోనూ బుకింగ్ కుదరదని కూడా చెప్పారు.

ఈ పని చూసే ఖాదర్ బాషా కొత్త సిస్టమ్‌ని నెట్‌వర్కు మీద పంపుతాడు. బ్రాంచి చేయాల్సిందల్లా ఒక్కో కంప్యూటర్ని పూటసేపు వదిలిపెట్టడం, ఆ తర్వాత కొత్త తెరా నంబరు చీటీ కనబడేలా ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. ముందు ముగించిన బ్రాంచికి షీల్డు.

మొదట నాకు చేశారు. సువార్త పక్కనే కూర్చుని పూర్తిచేయించింది. మిగిలిన ఎనిమిదింటినీ వదలడానికి మాత్రం మేనేజరుకు మనసొప్పలేదు. బయట జాడీల వరస, ఎదురుగా షీల్డు. రెండూ కావాలి ఆయనకు.

అందుకని ఒక మధ్యాహ్నం, తిన్న చెయ్యి సరిగా కడుక్కోకుండానే, మిగతా కంప్యూటర్ల నంబరు చీటీలు పీక్కొచ్చాడు. జిగురు ఎండిపోయింది. నాలిక బయటపెట్టి ఒక్కో చీటీనీ తడిపి నా ముఖానికి అంటించాడు. ఒకటో నంబరు, ఫొటో. పీకి, రెండో నంబరు, ఫొటో. ఎంగిలి మీద ఎంగిలి. పరాయి పేరు పెట్టుకుని సరుకు అమ్మేవాణ్ణి చూశాను గానీ, ఎంగిలితో పేరు అంటించేవాణ్ణి అప్పుడే చూశాను.

“సార్, మిగతావాటికి నిజంగా చేయకపోతే సోమవారం ఆగిపోతాయంట గదా?” అంది సువార్త.

“ఆగినప్పుడు చూసుకుందాంలేమ్మా. వాళ్లు ఫొటో అడిగారు, మనం ఫొటో పంపుతున్నాం. నువ్వు పక్కన నిలబడి నవ్వు. నీ కాగితం మీద సంతకం పెట్టేది ఎవరో గుర్తుందిగా?”

ఆమె నిలబడింది. నవ్వలేదు.

బాషా దగ్గరున్న పట్టికలో ఆ ఎనిమిదీ ఇంకా మారనట్టు ఎర్రగానే కనబడుతున్నాయి. అడిగితే, “నెట్‌వర్కు బాగాలేక మీకట్టా కనబడతంది, ఫొటోలు చూడండి” అన్నాడు మేనేజరు. పైవాళ్లు పట్టిక పక్కనపెట్టి ఫొటోలే చూశారు. తెనాలికి షీల్డు వచ్చింది.

సోమవారమూ వచ్చింది. ఎనిమిది కంప్యూటర్లు బుకింగ్ చేయలేమని మొరాయించాయి. నేనొక్కదాన్నే నడుస్తున్నాను. వరస రోడ్డు మీదికి పోయింది.

“ఏందమ్మాయ్, ఇంతసేపా? ఎండకి జాడీ నూనె కక్కతంది ఇక్కడ!” అని ఒక పెద్దావిడ కేకేసింది.

మేనేజరు బాషాకి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. “మా సువార్త ఏదో నొక్కింది సార్, ఎనిమిదీ పోయినయ్. ఈసారి ఈమె కాంట్రాక్టు ఆపేద్దామనుకుంటున్నా.”

సువార్త నా కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. తర్వాత ఆమె ఫోన్ వైపు వంగి, నింపాదిగా అంది: “బాషా గారూ, మేం పంపిన తొమ్మిది ఫొటోలూ పక్కపక్కన పెట్టుకోండి సార్. తెర కింద ఎడమ మూల చూడండి. నేను చెప్పేది అంతే.”

అటునుంచి మౌసు నొక్కుళ్లు వినబడ్డాయి. ఆ తర్వాత నవ్వు.

“ఉమామహేశ్వరరావు గారూ, తొమ్మిదింటికీ ఒకే చోట ఎర్ర మరకుందేందండీ? వేలిముద్ర కూడా ఒకటే. మీ చేత్తో తొమ్మిదింటికీ గోరుముద్దలు పెట్టారా?”

“అది... నెట్‌వర్కు...”

“మరకకి నెట్‌వర్కేందండీ!”

వరసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. మర్నాడు బాషా స్వయంగా వచ్చి ఎనిమిదింటికీ సిస్టమ్ మార్చాడు. వెళ్తూ అందరి ముందూ, “సువార్త గారి కాగితం సంగతి నెలాఖరుకి నేనే అడుగుతా” అన్నాడు. నెలాఖరున మేనేజరు తల ఎత్తకుండా సంతకం పెట్టాడు.

ఇక న్యాయం సంగతి. షీల్డు ఇస్తూ హెడ్డాఫీసు పెద్దసారు నవ్వుతున్న ఫొటో అప్పటికే అన్ని బ్రాంచీల గోడలకూ ఎక్కింది. దాన్ని దింపడం ఎవరికీ ఇష్టం లేదు. ‘ఏడో నంబరు కంప్యూటర్లో లోపం వల్ల మిగతావి తప్పుగా నమోదయ్యాయి’ అని తేల్చేశారు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది నేనొక్కదాన్నే, తుక్కు కిందికి పంపిందీ నన్నొక్కదాన్నే. షీల్డు మాత్రం మేనేజరు బల్ల మీదే ఉంది. దానికీ ఇప్పుడు నూనె అంటింది.

ఇప్పుడు వెనక షెడ్డులో పగిలిన జాడీల మధ్య పడున్నాను. పాతసామాన్లవాడు వస్తే ఇనప ముక్కలతో కలిపి తూకం వేస్తాడు.

లెక్క తేల్చేస్తాను. పోయినవి: తెర మీద నునుపు, ఫ్యాను, వారంటీ, మనుషుల మీద ఉన్న కాస్త నమ్మకం. మిగిలినవి: తొమ్మిది చీటీల జిగురు, ఒక ఎర్ర మరక. ఫొటోల రోజు నుంచి బాషా వచ్చిన రోజు దాకా సువార్త రోజూ నా ముఖం తుడిచింది. జిగురు గోకింది, ఎంగిలి కడిగింది. ఎడమ మూల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుడ్డ వెనక్కి తీసుకునేది. మరిచిపోయి వదిలేసిందని ఆఫీసంతా అనుకుంటోంది. నేను అనుకోను; ఆ ఫొటోలన్నీ నా ఒక్కదానివే అనడానికి సాక్ష్యం ఆ మరకే. ఆ కుర్చీలో ఈ ఏడూ ఆమే కూర్చుంది. నా బేరంలో నాకు గిట్టింది అదొక్కటే, దాన్ని లాభం కిందే రాసుకుంటున్నాను.